సముద్రం పక్కన 22 గదులు

సముద్రం ఒడ్డున చిన్న లాడ్జి పెట్టుకుని హాయిగా బతకాలని కలలు కనేవాళ్ళు ఐటీలో టీమ్‌కి ఒకరైనా ఉంటారు. మా టీమ్‌లో ముగ్గురున్నారు. ఒకడు గోవా అంటాడు, ఇంకొకడు సూర్యలంక అంటాడు, మూడోవాడికి ఏ సముద్రమైనా పర్లేదు, స్టాండప్ మీటింగ్ లేకపోతే చాలు. వాళ్ళకి మా బాబాయి మోటెల్ కథ చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పెట్టింది. ఈ వారం మీకు చెప్తాను. ఎందుకంటే ఆ మోటెల్ ఉంచాలా, అమ్మెయ్యాలా అని మా ఇంట్లో రెండు నెలల్నించీ చర్చ నడుస్తోంది. కంప్యూటర్లు చూసేది నేనే కాబట్టి నన్ను కూడా ఓటేయమన్నారు.

బాబాయి 1998లో వైటూకే గాలికి ఎగిరి అమెరికాలో పడ్డాడు. ప్రోగ్రాములు రాశాడు, గ్రీన్ కార్డు తెచ్చుకున్నాడు. 2009లో ఉద్యోగం పోయింది. అప్పటికి నలభై దాటాయి. మళ్ళీ ఇంటర్వ్యూల్లో కుర్రాళ్ళ ముందు కూర్చోవడం ఇష్టంలేక 2010లో టెక్సస్‌లో, గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఒడ్డున ఓ చిన్న ఊళ్ళో 22 గదుల మోటెల్ కొన్నాడు. ఊరి పేరు రాయొద్దన్నాడు, రాయను. రెండంతస్తులు, ముందు కార్లు పెట్టుకునే జాగా, ఆఫీసు గది, ఆ ఆఫీసు వెనకాల రెండు గదుల్లో బాబాయి, పిన్ని, చెల్లి. అదే ఇల్లు, అదే ఆఫీసు. రాత్రి రెండింటికి గంట మోగితే లేవాల్సిందే.

మీది ఏ ఊరని అక్కడి తెలుగువాళ్ళు అడిగితే కూచిపూడి అంటాడు. వెంటనే "మీ ఆవిడ క్లాసులు చెప్తారా?" అని అడుగుతారట. మా ఇంటా వంటా లేదు. మాది ఊరి చివర వ్యవసాయం చేసుకునే కుటుంబం, అరంగేట్రాలకి కుర్చీలు వేయడం వరకే మా ప్రమేయం. కానీ అమెరికాలో కూచిపూడివాడై ఉండి డాన్సు స్కూలు పెట్టకుండా మోటెల్ పెట్టాడంటే జనానికి ఆశ్చర్యమే.

ఆశ్చర్యపడాల్సిన మాటే కూడా. మోటెల్ అంటే అక్కడ పటేళ్ళ వ్యాపారం. రోడ్డు పక్కన కారు ఆపుకుని పడుకునే ఈ రకం బసకి మోటెల్ అని పేరు పెట్టింది 1925లో, కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో. 1940ల్లో గుజరాత్ నుంచి వెళ్ళిన కొద్దిమంది శాన్‌ఫ్రాన్సిస్కో, శాక్రమెంటోల్లో చవక హోటళ్ళు లీజుకి తీసుకోవడంతో మొదలైంది. 1965లో అమెరికా వలస చట్టం మారడంతో తలుపు తెరుచుకుంది. 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి 90 రోజుల్లో వెళ్ళిపొమ్మన్న తర్వాత కొన్ని కుటుంబాలు ఇటే వచ్చాయి. మీరా నాయర్ తీసిన 'మిసిసిపి మసాలా' సినిమా వీళ్ళ గురించే. 1989లో వాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. దేశంలో ఉన్న హోటళ్ళలో అరవై శాతం దాకా తమ సభ్యులవేనని ఆ సంఘం చెప్తుంది.

ఇదంతా ఎలా సాధ్యమైందంటే నాకు అర్థమైనంతవరకూ రెండు కారణాలు. ఒకటి, బ్యాంకు ఇవ్వని డబ్బు చుట్టాలు ఇచ్చేవాళ్ళు, చాలాసార్లు నోటిమాట మీదే. రెండు, జీతాలు ఇవ్వక్కర్లేదు, ఇంట్లోవాళ్ళే దుప్పట్లు మార్చేవాళ్ళు. మనవాళ్ళు ఎక్కువగా ఉద్యోగానికి వెళ్ళారు, చదువు మీద వెళ్ళారు. మన చుట్టాలు పదెకరాల పొలానికైతే చేబదులిస్తారు గానీ పరాయి దేశంలో పాత లాడ్జి కొంటానంటే పిచ్చా అంటారు. బాబాయికి మా వాళ్ళెవరూ రూపాయి ఇవ్వలేదు. దారి చూపించింది ఆయనతో పాత ఆఫీసులో పనిచేసిన ఒక గుజరాతీ మిత్రుడు. దాచుకున్న డబ్బు కొంత కట్టి, మిగతాది చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం హామీ ఉండి ఇచ్చే లోను తీసుకున్నాడు. మొదటి రెండేళ్ళు 22 గదులూ పిన్నే ఊడ్చింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన మనిషి. "ఏ మరక దేంతో పోతుందో తెలిసింది, చదువు వృథా కాలేదు నాన్నా" అంటుంది. ఆవిడ నవ్వుతూనే అంటుంది గానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వు రాదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే నా ఫ్రెండ్స్ అందరూ ఇదే అడుగుతారు. మనం కూడా వెళ్ళి చిన్నది ఒకటి కొనుక్కుని అక్కడే ఉండిపోవచ్చా? కొనడం వరకూ ఎవరైనా కొనొచ్చు. నడపడం వేరే సంగతి. పెట్టుబడి పెట్టి వ్యాపారం నడుపుకోవడానికి అమెరికాలో ఈ-2 అనే వీసా ఉంది గానీ అది ఆ దేశంతో ఒప్పందమున్న దేశాలవాళ్ళకే. మన దేశానికి ఆ ఒప్పందం లేదు. హెచ్‌1బీ మీద ఉన్నవాడు మోటెల్‌కి యజమాని కావచ్చు గానీ దాని కౌంటర్లో కూర్చుని తాళాలివ్వకూడదు. మిగిలింది ఈబీ-5. దానికి తక్కువలో తక్కువ ఎనిమిది లక్షల డాలర్లు. మా చిన్నాన్న కొడుకొకడు విజిటర్ వీసా మీద వెళ్ళి ఆరు నెలలు బాబాయికి సాయం చేసొస్తానన్నాడు. బాబాయి ఫోన్లోనే కేకలేశాడు. అది పని చేయడమే అవుతుంది, పట్టుబడితే ఇద్దరికీ ముప్పే.

సరే, సముద్రం సంగతి. బీచ్‌కి రెండొందల గజాల దూరం అని వెబ్‌సైట్లో పెద్ద అక్షరాలతో నేనే రాశాను. గిరాకీ అంతా ఆ వాక్యంతోనే. ఖర్చంతా కూడా ఆ వాక్యంతోనే. ఉప్పుగాలి ఎంత పాడు చేస్తుందో బందరు, నాగాయలంక వైపు ఇళ్ళున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏసీల బయటి యూనిట్లు తుప్పు పట్టి అయిదారేళ్ళకే చేతులెత్తేస్తాయి. తలుపుల బందులు, మెట్ల కమ్మీలు, బోర్డు లైట్లు, అన్నీ అంతే. మామూలు స్టీలు సరిపోదు, పడవలకి వాడే 316 రకం కావాలి, ధర ఎక్కువ. కార్డుతో తెరుచుకునే తాళాలు పెట్టిస్తే లోపలి బోర్డు మీద పచ్చగా కిలుం పట్టింది. వైఫై పెట్టెలు వరండాలో పెడితే కేబుల్ కొనల్లో అదే కిలుం. 'నెట్ స్లో' అని రివ్యూ పడితే ముందు నేను సెట్టింగుల్లో వెతకను, బాబాయిని నిచ్చెనెక్కి కేబుల్ ఊడదీసి ఫోటో పంపమంటాను.

ఇన్సూరెన్స్ ఇంకో లోకం. మనం ఒక పాలసీ అనుకుంటాం, అక్కడ మూడు. నిప్పుకి, దొంగతనానికి, ఎవరైనా జారిపడి కేసు వేస్తే దానికీ ఒకటి. తీరంలో గాలివాన నష్టాన్ని మామూలు కంపెనీలు తప్పించుకుంటాయి కాబట్టి దానికి విడిగా, టెక్సస్‌లో 1971లో ఇందుకోసమే పెట్టిన విండ్‌స్టార్మ్ సంఘం నుంచి ఇంకొకటి. వరదకి కేంద్ర ప్రభుత్వ పథకంలో మరొకటి. ఈ వరద పాలసీలో వ్యాపార భవనానికి అయిదు లక్షల డాలర్లు మించి ఇవ్వరు, పైగా కట్టిన ముప్పై రోజుల తర్వాతే అమలు. తుఫాను గల్ఫ్‌లోకి అడుగుపెట్టాక గాలి పాలసీ కూడా అమ్మరు. అంటే టీవీలో మేఘం చూసి పరుగెత్తితే లాభం లేదు. ఇన్ని పాలసీలున్నాయి గదా అనుకుంటే, 2008లో ఐక్ హరికేన్ పోయాక అక్కడ జనం ఏళ్ళ తరబడి కొట్లాడింది ఒకే ప్రశ్న మీద: ఇల్లు గాలికి పోయిందా, నీళ్ళకి పోయిందా? గాలి అయితే ఒకరు ఇవ్వాలి, నీళ్ళయితే ఇంకొకరు. పునాది స్తంభాలు తప్ప ఏమీ మిగలని చోట ఏది ముందొచ్చిందో ఎవరు చెప్తారు?

టెక్సస్‌లో ఇంకో చట్టం ఉంది, 1959 నాటిది. నీటి అంచు నుంచి గడ్డి మొలిచే గీత దాకా బీచ్ అంతా జనానిది. ఆ గీత ఏళ్ళ తరబడి మెల్లగా వెనక్కి జరిగితే జనం హక్కు కూడా దాంతోపాటే మన జాగాలోకి జరుగుతుంది. తుఫానుకి ఒక్కసారిగా జరిగితే అలా కుదరదని 2012లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది గానీ, మెల్లగా కోసుకుపోయేదానికి మాత్రం అడ్డు లేదు. మంగినపూడి దగ్గర ప్లాట్లు కొంటున్న మా ఫ్రెండ్స్‌కి ఇదే చెప్తుంటాను. మన దగ్గరా 1991 నుంచి తీర నియంత్రణ నిబంధనలున్నాయి, పోటు గీత నుంచి అయిదొందల మీటర్ల దాకా లెక్కలోకొస్తుంది. బ్రోచర్‌లో కొబ్బరిచెట్లు, సూర్యాస్తమయం ఉంటాయి, ఈ గీత ఉండదు. (మన తూర్పు తీరంలో సముద్రం మీద సూర్యాస్తమయం ఎలా చూపిస్తారో కూడా నాకు తెలీదు.)

నాయనమ్మకి మోటెల్ కొన్న విషయం ఏడాది దాకా చెప్పలేదు. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 గురించి ఈ పక్క పుట్టినవాళ్ళకి పుస్తకాల్లో చదవాల్సిన అవసరం లేదు, ఇంట్లో ఎవరో ఒకరు చెప్తారు. ఉప్పెన తాటిచెట్టులో సగమెత్తున వచ్చిందంటారు. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళు ఊళ్ళకే తుడిచిపెట్టుకుపోయాయి. నాయనమ్మ తరఫున ముగ్గురు పోయారు, ఒకరి ఆనవాలు కూడా దొరకలేదు. రెండేళ్ళ ముందే హైదరాబాద్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు గారు ఆ శవాల మధ్య తిరిగి చేసిన పని గురించి ఆవిడ ఇప్పటికీ చెప్తుంది. అంతకుముందు 1864లో బందరుకి వచ్చిన ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారు. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చి వ్యాపారం పెట్టుకున్న రేవు అది. ఆ దెబ్బ తర్వాత మళ్ళీ ఆ వెలుగు రాలేదు.

కొడుకు సముద్రం పక్కన ఉంటున్నాడని తెలిసి నాయనమ్మ అడిగింది ఒక్కటే. "మెరక ఎంత దూరంరా?" వ్యాపారం ఎలా ఉంది, అప్పెంత అని కాదు. బాబాయి దగ్గర సమాధానం లేదు. నేను మ్యాపు తీసి చూస్తే, ఆ ఊరి నుంచి లోపలికి పోవడానికి ఒకటే వంతెన. అక్కడా 1900 సెప్టెంబరు 8న గాల్వెస్టన్‌లో సుమారు ఎనిమిది వేల మంది పోయారు. అమెరికా చరిత్రలో ప్రకృతి ఇంతమందిని చంపింది ఇంకెప్పుడూ లేదు. ఆ తర్వాత వాళ్ళు సముద్రం వైపు 17 అడుగుల ఎత్తు గోడ కట్టి, ఇళ్ళని జాకీల మీద లేపి, కింద ఇసుక నింపి ఊరినే ఎత్తు చేశారు. నాయనమ్మకి ఇది చెప్తే, "మరి మీ బాబాయి ఊరికి గోడ ఉందా?" అంది. లేదు.

ఇక నా డిపార్ట్‌మెంట్. ఇప్పుడు మనకీ వాళ్ళకీ పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. అక్కడ రాత్రి పదకొండింటికి ప్రింటర్ మొరాయిస్తే ఇక్కడ నాకు పొద్దున తొమ్మిదిన్నర, సరిగ్గా నా స్టాండప్ టైం. "ఒరేయ్, ఒక్క నిమిషం" అని మొదలవుతుంది. ఆ నిమిషం గంటకి తక్కువ ఎప్పుడూ లేదు.

పెద్ద తలనొప్పి బుకింగ్‌లు. ఒకే గదిని నాలుగు సైట్లలో అమ్మకానికి పెడతాం. ఒకచోట అమ్ముడుపోగానే మిగతా మూడు చోట్లా తీసెయ్యాలి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ మధ్యలో ఉంటుంది. అది కొన్ని నిమిషాలు ఆలస్యమైతే చాలు, పండగ వారాంతాల్లో ఒకే గది ఇద్దరికి అమ్ముడవుతుంది. రెండో కుటుంబం పిల్లలతో సహా రాత్రి పదింటికి వచ్చి నిలబడుతుంది. అలాంటప్పుడు పక్క మోటెల్‌లో మన ఖర్చుతో గది ఇప్పించాలి. అందుకని పండగ రోజుల్లో 22లో 20 మాత్రమే సైట్లలో పెట్టించాను. రెండు గదులు బాబాయి చేతిలో ఉంటాయి. ఆ రెండూ ఖాళీగా మిగిలిన రోజు నాకు ఫోనొస్తుంది, అది వేరే విషయం.

డబ్బు లెక్క కూడా చూడండి. వంద డాలర్ల గది సైట్ ద్వారా పోతే పదిహేను నుంచి ఇరవై దాకా సైట్‌కే. కార్డు కంపెనీకి ఇంకో మూడు. మిగిలిన ఎనభైలోంచి కరెంటు, లాండ్రీ, మూడు ఇన్సూరెన్సులు, లోను వాయిదా. పైన కలిపే హోటల్ పన్ను రాష్ట్రానికి ఆరు శాతం, ఊరికి ఏడు దాకా. అది కస్టమర్ ఇచ్చేదే, మనది కాదు, టైంకి కట్టకపోతే జరిమానా మాత్రం మనదే. అందుకే నేరుగా ఫోన్ చేసి వచ్చే పాత కస్టమర్లంటే పిన్నికి ప్రాణం. చేపలు పట్టడానికి ఏటా వచ్చే ముసలాయనొకరున్నారు, ఆయనకి పిన్ని పులిహోర చేసి పెడుతుంది.

అసలు భయపెట్టింది మాత్రం పోయిన చలికాలంలో వచ్చిన ఒక మెయిల్. పెద్ద బుకింగ్ సైట్ పేరుతో, లోగోతో సహా: మీ గదిలో నల్లులున్నాయని ఒక గెస్ట్ ఫిర్యాదు చేశారు, ఇరవై నాలుగు గంటల్లో జవాబివ్వకపోతే మీ హోటల్ లిస్టింగ్ ఆపేస్తాం. లింకు నొక్కితే 'నేను రోబోను కాదు' అనే పెట్టె. దాని కింద మూడు మెట్లు: విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కండి, కంట్రోల్ వి నొక్కండి, ఎంటర్ నొక్కండి. పిన్ని మొదటి రెండూ చేసింది. చతురస్రంలో ఏదో గజిబిజి గీతలా కనిపించేసరికి ఎంటర్ నొక్కకుండా నాకు వీడియో కాల్ చేసింది. నొక్కి ఉంటే ఆ గజిబిజి గీత ఒక దొంగ ప్రోగ్రామ్‌ని దించి, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లన్నీ పట్టుకుపోయేది. ఆ పాస్‌వర్డ్‌తో దొంగలు మన పేరు మీదే రాబోయే గెస్టులకి మెసేజ్‌లు పెడతారు, 'కార్డు మళ్ళీ ఎంటర్ చేయండి' అని. హోటళ్ళవాళ్ళనే వెతికి వెతికి కొట్టే మోసం ఇది, చాలా దేశాల్లో నడుస్తోంది. విజయవాడలో, బందరులో లాడ్జి నడిపేవాళ్ళు చదువుతుంటే గుర్తుపెట్టుకోండి: మనిషినని నిరూపించుకోవడానికి విండోస్, ఆర్ నొక్కమని ఏ నిజమైన సైటూ అడగదు. ఆ రోజే అన్ని అకౌంట్లకీ ఫోన్‌కి కోడ్ వచ్చే పద్ధతి పెట్టాను, రెండు కంప్యూటర్లు వేరు చేశాను. గెస్టుల రిజిస్టర్ ఉన్న దాంట్లో మెయిల్ తెరవకూడదు, అంతే.

అంత హైటెక్ మోటెలేం కాదు. 2024 జులై 19న ఒక అప్‌డేట్ దెబ్బకి ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో పడిపోయిన రోజు పెద్ద పెద్ద హోటళ్ళలో చేతిరాతతో గదులిచ్చారు. మా బాబాయికి విషయం సాయంత్రం టీవీలో తెలిసింది. ఆ సాఫ్ట్‌వేర్ కొనేంత స్థోమత మాకు లేదు కాబట్టి బతికిపోయాం. దానికి పదకొండు రోజుల ముందు బెరిల్ హరికేన్ వచ్చి కరెంటు పోయినప్పుడు పనికొచ్చింది బాబాయి పాత అలవాటు. అర్ధరాత్రి లెక్క ముగించేటప్పుడు మర్నాటి రాకపోకల జాబితా కాగితం మీద ప్రింట్ తీసి డ్రాయర్లో పెడతాడు. నేను ఎన్నోసార్లు ఎగతాళి చేశాను ఆ ప్రింట్లని. ఇప్పుడు అదే జాబితా రోజూ నాకూ మెయిల్ వచ్చేలా పెట్టాను, దాంతోపాటు ప్రతి గదినీ వీడియో తీసి ఒక కాపీ ఇక్కడ కూచిపూడిలో నా హార్డ్‌డిస్క్‌లో. వరద పాలసీలో నష్టం రుజువు అరవై రోజుల్లో ఇవ్వాలి. ఏ గదిలో ఏ టీవీ ఉండేదో అప్పుడు గుర్తు చేసుకుంటూ కూర్చుంటే కుదరదు. నాయనమ్మ వాళ్ళింట్లో దస్తావేజులు గుడ్డలో చుట్టి దూలానికి కట్టేవాళ్ళట, వరదొస్తే తడవకుండా. పద్ధతి అదే, దూలం కాస్త దూరంగా ఉంది.

అమ్మడం దగ్గరకొస్తే. చెల్లి ఈ ఏడాది నర్సింగ్ పూర్తి చేస్తుంది, తనకి మోటెల్ అక్కర్లేదని స్పష్టంగా చెప్పింది. ఆదివారం అనేది ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుంది అంది. బాబాయికి వచ్చే ఏడాది అరవై. ఇన్సూరెన్స్ ఏటా పెరుగుతోంది, గది రేటు అంత పెరగట్లేదు. బేరం కూడా వచ్చింది, ఒక పటేల్ కుర్రాడే. వాళ్ళకి ఇంకా రెండు మోటెళ్ళున్నాయి. మూడింటికీ కలిపి ఒకే మేనేజరు, ఒకే లాండ్రీ పెట్టుకుంటే గిట్టుబాటవుతుంది. మనకి ఒక్కటే కాబట్టి గిట్టట్లేదు. ఇంత చిన్న లెక్క పదహారేళ్ళ తర్వాత తేలింది. పిన్ని అమ్మమంటోంది. బాబాయి, 'లోను ఇంకో తొమ్మిదేళ్ళు, ఆ తర్వాత అంతా మనదే' అంటాడు. తొమ్మిదేళ్ళంటే తొమ్మిది తుఫాను సీజన్లని నేను అనలేదు, నాయనమ్మ అంది.

నా ఓటు అమ్మకానికే వేశాను. బాబాయి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి మోటెల్ విషయం ఎత్తకుండా, ఆఫీసు కంప్యూటర్లో విండోస్ 10కి అప్‌డేట్లు పోయిన అక్టోబరులోనే ఆగిపోయాయి కదా, కొత్తది కొనాలా అనడిగాడు. కొనేవాడు తన కంప్యూటర్ తనే తెచ్చుకుంటాడు, ఇప్పుడెందుకు బాబాయ్ అన్నాను. "సీజన్ జూన్ ఒకటికి మొదలవుతుందిరా, అప్పటిదాకా అయితే మనదేగా" అన్నాడు. ఆర్డర్ పెట్టాం. శనివారం రాత్రి డేటా మారుస్తున్నాను.